ఎల్ క్రీమెన్ దెల్ పాద్రె అమారో (2002): ఆ కుర్ర ఫాదర్ అసలు ఎక్కడ జారిపోయాడు?

పాతరీళ్ళు
శనివారం, రాత్రి 10:40

ఈ మెక్సికో సినిమా మొదటిసారి చాలా ఏళ్ళ కిందట డీవీడీలో చూశాను. ఫాదర్ ఒక అమ్మాయికి దగ్గరై, పరువు పోతుందని భయపడి ఆమె చావుకు కారణమయ్యాడు, అంతవరకే గుర్తుండిపోయింది. నిన్న మళ్ళీ చూస్తే ఇంకో సినిమా చూసినట్టు అనిపించింది. కథ మొత్తం చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి.

మొదట్లో బస్సు సీను ఉంటుంది. కొత్తగా గురుపట్టం అందుకున్న అమారో (గాయెల్ గార్సియా బెర్నాల్) లోస్ రెయెస్ అనే ఊరికి వెళ్తుంటాడు. పక్క సీటులో ఒక ముసలాయన. దారిలో దొంగలు బస్సు ఆపి, ఆయన కూడబెట్టుకున్న డబ్బు లాక్కుపోతారు. దిగే ముందు అమారో తన దగ్గరున్న నోట్లు తీసి ఆయన చేతిలో పెడతాడు. ఎవరూ చూడరు. అతను ఫాదర్ అని కూడా అక్కడ ఎవరికీ తెలియదు. దర్శకుడు కార్లోస్ కరేరా కథ మొదలుపెట్టింది ఈ మంచి పనితో. ఎందుకు? అది నన్ను నిద్రపోనివ్వలేదు.

ఊళ్ళో పెద్ద ఫాదర్ బెనీతో ఆసుపత్రి కట్టిస్తుంటాడు, డబ్బు మత్తుమందుల వ్యాపారిది. ఆ వ్యాపారి బిడ్డకు బెనీతో జ్ఞానస్నానం ఇస్తున్న ఫొటోతో సహా రూబెన్ అనే కుర్ర విలేఖరి వార్త వేస్తాడు. పత్రిక చేత ఖండన వేయించే పని బిషప్ అమారోకి అప్పగిస్తాడు. అమారోని రోముకు పంపి చర్చి చట్టం చదివించాలని బిషప్ ఆలోచన. వార్త నిజమని అమారోకి తెలుసు. అయినా ఆ పని పూర్తి చేస్తాడు. రూబెన్ ఉద్యోగం పోతుంది. ఆ రూబెన్‌తో ప్రేమలో ఉన్న అమ్మాయే అమేలియా.

నా మాట ఏమిటంటే, అమారో జారిపోయింది అమేలియా దగ్గర కాదు, ఆ ఖండన దగ్గర. నిజాన్ని అబద్ధం అని చేయి వణక్కుండా రాయగలిగినవాడికి తర్వాతవన్నీ తేలికే. మీరేమంటారు?


గుణదల_గంట
శనివారం, రాత్రి 11:25

పాతరీళ్ళు గారూ, నేను కాథలిక్ ఇంట్లో పుట్టినవాణ్ణి. చిన్నప్పుడు పూజలో గంట కొట్టేది నేనే, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. నాకు మాత్రం అతను జారిపోయింది పాపసంకీర్తనం గూటిలో (ఫాదర్‌కు పాపాలు చెప్పుకునే చోట) అనిపిస్తుంది.

బయటివాళ్ళకు దాని బరువు తెలియకపోవచ్చు. జాలీకి అవతల కూర్చున్న మనిషిని మనం మనిషిగా చూడం. అమ్మకు చెప్పుకోలేనిది అక్కడ చెప్పుకుంటాం. అమేలియా తన ఒంటి కోరికల గురించి అమాయకంగా చెబుతుంది. వినాల్సింది దేవుడి తరఫున. ఈయన మగవాడిగా విన్నాడు. ఆ తర్వాత ఏం జరిగినా ఆమె గుట్టంతా ఈయన చేతిలో ఉండి జరిగింది.

చర్చి చట్టంలో దీనికి ప్రత్యేకమైన నియమం ఉంది. 1983 నాటి చట్టంలో 977వ సూత్రం. శరీర సంబంధమైన పాపంలో తనతో పాలుపంచుకున్న మనిషికి గురువు (ఫాదర్) పాపక్షమాపణ ఇస్తే, మరణాపాయంలో తప్ప, అది చెల్లదు. ఇంకో సూత్రం ప్రకారం, ఇచ్చిన గురువు తనంతట తానే వెలివేతకు గురవుతాడు. అంటే ఇలాంటిది జరుగుతుందని చర్చికి తెలుసు, తెలిసే కంచె వేసింది. రోముకు వెళ్ళి చదవాలనుకున్న చట్టమే అతన్ని తప్పుపడుతోంది.


వానచినుకు
ఆదివారం, ఉదయం 7:10

మీరిద్దరూ అమారో ఎక్కడ జారాడని లెక్కేస్తున్నారు. అమేలియా వయసు పదహారు. ఆ మాట ఎవరూ రాయలేదు. "దగ్గరై", "ప్రేమలో" అని రాస్తున్నారు. పదహారేళ్ళ పిల్లకూ, ఆ పిల్ల ఆత్మకు కాపలా కాయాల్సిన మనిషికీ మధ్య జరిగిందాన్ని ప్రేమకథ అనడం నాకు నచ్చలేదు. చాలామంది ఈ సినిమా గురించి రాసేటప్పుడు ఇదే చేస్తారు.

నన్ను వదలని సీను నీలం శాలువాది. గుడి పని చూసుకునే మార్తీన్ ఇంట్లో వీళ్ళు కలుసుకుంటారు. అమ్మాయిని కన్యాస్త్రీ కావడానికి తయారు చేస్తున్నానని అమారో అతనికి అబద్ధం చెబుతాడు. మార్తీన్ కూతురు మతి ఎదగని పిల్ల, మంచం మీదే ఉంటుంది. అమేలియా ఆ పిల్లకు జపాలు నేర్పడానికి వస్తోందని ఊరికి సాకు. అక్కడ ఒకరోజు మరియమాత విగ్రహానికి కప్పాల్సిన నీలం వస్త్రాన్ని అమారో అమేలియా మీద కప్పి, నువ్వు ఆమె కంటే అందంగా ఉన్నావంటాడు. ఆ పిల్ల మొహం చూడండి. భక్తీ భయమూ సంతోషమూ అన్నీ ఒకేసారి ఉంటాయి. చిన్నప్పటి నుంచి మొక్కిన తల్లి బట్ట తన భుజాల మీద ఉంది, కప్పింది ఫాదర్ గారు. ఇక తప్పని ఎలా అనుకుంటుంది? కాదని ఏ నోటితో అంటుంది?


పాతరీళ్ళు
ఆదివారం, ఉదయం 9:02

వానచినుకు గారూ, మీరన్నది నిజం. "దగ్గరై" అని రాసినందుకు సిగ్గుగా ఉంది. నా మొదటి పోస్టు అలాగే ఉంచుతున్నాను, దిద్దితే మీ మాట అర్థం కాదు. ఆ వయసు సంగతి తెలిసి కూడా నా రాతలోకి రాలేదంటే, అమారో వైపు నుంచే కథ చూస్తున్నానన్నమాట.


చదువుల_చెట్టు
ఆదివారం, ఉదయం 11:48

మూలం గురించి కాస్త చెప్తాను. ఇది పోర్చుగీసు నవల. రాసింది ఎసా ద కైరోష్. ఆయన 1870-71లో లెయిరియా అనే ఊళ్ళో ప్రభుత్వ అధికారిగా పనిచేశాడు, కథ ఆ ఊళ్ళోనే నడుస్తుంది. 1875లో పత్రికలో వచ్చింది, 1876లో పుస్తకమైంది, 1880లో ఆయనే మళ్ళీ బాగా తిరగరాశాడు. మనం చదివేది ఆ చివరి రూపమే.

నవలలో అమారోకు దైవపిలుపంటూ లేదు. అనాథ. పెంచిన దొరసాని సెమినరీలో (ఫాదర్లను తయారుచేసే బడి) వేయమని రాసిపోయింది, వేశారు. అందుకే మొదటి నుంచీ బద్ధకంగా, మెత్తగా ఉంటాడు. సినిమా అమారో అలా కాదు. తెలివైనవాడు, చురుకైనవాడు, బిషప్ కంట్లో పడ్డవాడు. ఈ మార్పు స్క్రిప్టు రాసిన విసెంతె లెన్యేరో చేసింది. నాకైతే సినిమాకు ప్రాణం ఇదే. నవలలో చేతకాని మనిషి పాపం చేస్తాడు, ఇక్కడ అన్నీ చేతనైన మనిషి చేస్తాడు.

ముగింపూ వేరు. నవలలో అమేలియా బిడ్డను కని చనిపోతుంది. ఆ బిడ్డను అమారో "దేవదూతలను నేసే" ఆమెకు ఇచ్చేస్తాడు. అక్కర్లేని పసికందులను చేతికి తీసుకుని చావనిచ్చే ఆడవాళ్ళకు ఆ కాలంలో అక్కడివాళ్ళు పెట్టిన పేరు అది. చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. కొంతకాలం తర్వాత, 1871లో, పారిస్ కమ్యూన్ తిరుగుబాటు వార్తలు వస్తున్నప్పుడు, అమారో లిస్బన్‌లో కవి కామోయిష్ విగ్రహం దగ్గర హాయిగా కబుర్లు చెబుతూ కనిపిస్తాడు. లావెక్కాడు, పశ్చాత్తాపం లేదు. మంచి చోటికి బదిలీ కావాలి, అంతే.


హ్యూస్టన్_వాకిలి
ఆదివారం, సాయంత్రం 6:30

నేనుండేది హ్యూస్టన్‌లో, మా పక్కింటివాళ్ళు మెక్సికోవాళ్ళు. 2002లో ఈ సినిమా వచ్చినప్పుడు అక్కడ ఎంత గొడవైందో ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది. జూలై చివర్లో పోప్ రెండో జాన్ పాల్ మెక్సికో వచ్చి గ్వాదలూపె గుళ్ళో హువాన్ దియేగోను పునీతుడిగా ప్రకటించారు. ఆ పర్యటన అయ్యేదాకా సినిమా విడుదల ఆపారు. ఆగస్టు 16న విడుదలైంది. బిషప్పులు చూడొద్దన్నారు, నిషేధించమని కొన్ని సంఘాలు అడిగాయి. ఫలితం ఏమిటంటే జనం క్యూలు కట్టారు. 2013 దాకా మెక్సికో సినిమాల్లో అక్కడ ఎక్కువ వసూళ్ళు చేసింది ఇదే. ఆస్కార్‌కు విదేశీ చిత్రాల్లో నామినేట్ అయింది కూడా.

ఇక మత్తుమందుల డబ్బు. సినిమా కోసం కల్పించారనుకునేవాళ్ళకు: అక్కడ దీనికి వాడుకలో ఒక మాటే ఉంది, నార్కోలిమోస్నా. నార్కో కానుక అన్నమాట. 2005లో అగ్వాస్కాలియెంటెస్ బిషప్ ఇలాంటి డబ్బు గురించి మాట్లాడుతూ, మంచి ఉద్దేశంతో ఇస్తే అది శుద్ధి అవుతుందన్న అర్థంలో అన్నారు, దేశమంతా గోల అయింది. 2010లో పచూకా ఊళ్ళో ఒక ప్రార్థనాలయం గోడ మీద కంచు ఫలకం బయటపడింది. దాత పేరు హెరిబెర్తో లస్కానో. సేతాస్ అనే మత్తుమందుల ముఠా నాయకుడు! పేరు దాచుకోలేదు కూడా. సినిమా వచ్చిన ఎనిమిదేళ్ళకు ఇది.

చర్చికీ ప్రభుత్వానికీ అక్కడ పాత పగలున్నాయి. 1917 రాజ్యాంగం చర్చి చేతులు కట్టేసింది, 1926 నుంచి 1929 దాకా క్రిస్తేరో యుద్ధంలో (ప్రభుత్వం మీద కాథలిక్కుల తిరుగుబాటు) వేలమంది పోయారు, 1992లో గానీ చర్చికి చట్టబద్ధమైన గుర్తింపు రాలేదు. కాబట్టి చర్చి మీద ఎవరు ఏ మాటన్నా పెద్దతరానికి "మళ్ళీ మొదలుపెట్టారు" అన్న భయం. ఖండన వేయించడం అంత తేలికగా ఎలా జరిగిందో తెలియాలంటే ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.


లూర్దుతోట
ఆదివారం, రాత్రి 8:15

బాధగా ఉంది, అందుకే రాస్తున్నాను. ఇలాంటి సినిమా చూసినవాళ్ళు ఫాదర్లందరినీ ఇలాగే అనుకుంటారు. నేను చదువుకున్నది ఒక ఫాదర్ గారి దయ వల్ల. మా ఊరి నుంచి విచారణ (పారిష్) గుడికి ఆరు కిలోమీటర్లు. ఆయన సైకిల్ మీద వచ్చి, మా నాన్నను ఒప్పించి, నన్ను హాస్టల్లో చేర్చారు. పోయేనాటికి ఆయన పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక జపమాల, తాను అప్పు తీర్చాల్సినవాళ్ళ పేర్లున్న చీటీ ఉన్నాయి. ఆ చీటీ నా చేత్తో పట్టుకున్నాను. ఆయన్ను ఎవరైనా ఈ అమారోతో ఒక గాటన కడితే తట్టుకోలేను.


చదువుల_చెట్టు
ఆదివారం, రాత్రి 9:00

లూర్దుతోట గారూ, అలా ఎవరూ కట్టరు. ఇంకో సంగతి. స్క్రిప్టు రాసిన లెన్యేరో విశ్వాసి, పూజకు వెళ్ళే కాథలిక్. పైగా ఇదే సినిమాలో ఫాదర్ నతాలియో ఉన్నాడు. మీరు చెప్పిన సైకిల్ ఫాదర్ లాంటివాడే.


వదిలేసిన_అంగీ
ఆదివారం, రాత్రి 11:50

ఇక్కడ రాయాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచించాను. నేను సెమినరీలో కొన్నేళ్ళు ఉండి బయటికొచ్చినవాణ్ణి. ఏ ఊరు, ఏ మేత్రాసనం (ఏ బిషప్ పరిధి) అన్నది అడగొద్దు.

నతాలియో పేరు వచ్చింది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. కొండల్లో రైతుల మధ్య ఉంటాడు. గెరిల్లాలకు సాయం చేస్తున్నాడని పుకారు. ఆ ఊళ్ళు వదిలి రమ్మని బిషప్ ఆజ్ఞ, అతను కదలడు. చివరికి వెలివేస్తారు. ఆ కబురు మోసుకెళ్ళేది కూడా అమారోనే. 1971లో పెరూ నుంచి గుస్తావో గుతియెర్రెస్ పుస్తకం వచ్చినప్పటి నుంచి లాటిన్ అమెరికాలో విమోచన వేదాంతం పేరుతో ఎందరో గురువులు పేదల పక్కన నిలబడ్డారు. రోము చాలామందిని అనుమానంగా చూసింది. 1985లో బ్రెజిల్‌కు చెందిన లియోనార్దో బోఫ్‌ను కొంతకాలం నోరు తెరవొద్దని ఆదేశించింది. నతాలియో వెనక ఆ చరిత్ర ఉంది.

సినిమాలో బెనీతో మత్తుమందుల డబ్బు తీసుకుంటాడు, ఆడమనిషితో కాపురం చేస్తాడు. బిషప్ ఏమీ అనడు. నతాలియో పైసా ముట్టుకోడు, మాట వినడు. వెలివేత అతనికే! సెమినరీలో ఉన్నవాళ్ళకు ఈ చోట గుండె పట్టేస్తుంది. గురుపట్టం రోజు అభ్యర్థి మోకరిల్లి, తన రెండు చేతులూ జోడించి బిషప్ చేతుల మధ్య పెడతాడు. "నాకూ నా వారసులకూ విధేయత చూపుతావా?" అని అడుగుతారు. చూపుతానంటాడు. మా సీనియర్ల పట్టాభిషేకంలో ఆ క్షణం వచ్చినప్పుడు నేను కళ్ళు తుడుచుకునేవాణ్ణి. అంత అందంగా ఉంటుంది. ఒక మనిషి తన చేతుల్ని ఇంకో మనిషి చేతుల్లో పెట్టేయడం.

అమారో చేతులు ఎప్పుడూ అక్కడే ఉండిపోయాయి. ఇతనిది పదవి కోసం గొంతులు కోసే ఆశ అని చాలామంది అనుకుంటారు. నాకలా అనిపించదు. అది "బిషప్ గారు నన్ను గుర్తించారు" అన్న ఆశ. మా దగ్గరా రోముకు పంపుతారనే మాట వచ్చిందంటే ఆ కుర్రాడి నడకే మారిపోయేది. నవ్వే చోట నవ్వడం, నవ్వకూడని చోట ఊరుకోవడం, వంటవాడి మీద ఫిర్యాదు వస్తే ఎవరి వైపు మాట్లాడాలో ముందే తెలుసుకోవడం. ఎవరూ పాపం చేయరు. కానీ అలా నాలుగేళ్ళు గడిస్తే తనకంటూ ఒక మాట ఉండదు. పత్రిక ఖండన సీను చూసినప్పుడు నాకు భయం వేసింది, ఎందుకంటే అమారో మొహంలో తప్పు చేస్తున్నట్టు లేదు. అప్పజెప్పిన పని బాగా చేస్తున్నట్టు ఉంది.

నేను బయటికొచ్చింది గొప్ప ధైర్యంతో కాదు. ఒక రోజు ఒక తోటివాడి మీద అబద్ధం చెప్పమన్నారు. చెప్పాను. ఆ వారం నిద్రపట్టలేదు. అంతే.


వానచినుకు
సోమవారం, ఉదయం 6:40

వదిలేసిన_అంగీ గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. రాసినందుకు కృతజ్ఞతలు.


కాలువగట్టు
సోమవారం, మధ్యాహ్నం 1:20

నాదొక ప్రశ్న. ఫాదర్లకు పెళ్ళి చేసుకోనిస్తే ఇదంతా ఉండేది కాదుగా? ఏనాటి నియమమో పట్టుకుని వేలాడటం ఎందుకు?


గుణదల_గంట
సోమవారం, మధ్యాహ్నం 2:05

కాలువగట్టు గారూ, నియమం పాతదే. గురువుల పెళ్ళి చెల్లదని 1139లో చర్చి పెద్దల రెండో లాటరన్ మహాసభ తేల్చింది. తూర్పు రీతి కాథలిక్ సభల్లో కొన్నిటిలో పెళ్ళయినవాళ్ళకు గురుపట్టం ఇచ్చే ఆచారం ఇప్పటికీ ఉంది. కాబట్టి మార్చలేనిదేం కాదు, వాదించుకోవచ్చు. కానీ ఈ కథకు అది మందు కాదు. బెనీతోనే చూడండి. అమేలియా తల్లి సాన్‌హువానేరాతో ఏళ్ళ తరబడి ఉన్నాడు. నియమం తప్పాడు గానీ ఆవిడను వదిలేయలేదు. అమేలియా గర్భం అని తెలిశాక అమారో అంగీ విప్పేసి పెళ్ళి చేసుకోవచ్చు. ఆ దారి ఉంది. అతనికి అంగీ వదలడం ఇష్టం లేదు. ముందు ఇంకో ఊరు పోయి కని ఎవరికైనా ఇచ్చేయమంటాడు, తర్వాత దొంగచాటుగా గర్భం తీయించడానికి తీసుకెళ్తాడు.


పాతరీళ్ళు
సోమవారం, రాత్రి 9:35

ఆ రాత్రి కారు సీను గురించి. అమేలియాకు రక్తం ఆగదు. అమారో కారు నడుపుతూ వెనక్కి చూస్తుంటాడు, సిటీ ఆసుపత్రి చేరేలోపే ఆమె పోతుంది. ఊళ్ళో ఆసుపత్రి కట్టడం నడుస్తూనే ఉంది. ఆ ఆసుపత్రి పేరు చెప్పే కదా బెనీతో మత్తుమందుల డబ్బు తీసుకున్నది. ఆ ఆసుపత్రిని కాపాడటానికే కదా ఖండన వేయించింది. ఆ పిల్లకు అవసరమైన రాత్రి అందులో ఒక్క మంచం లేదు. ఈ సంగతి సినిమాలో ఎవరూ నోటితో చెప్పరు.

మా ఊరి గుడికి (మాది హిందూ గుడి) ఒక ఇసుక కాంట్రాక్టరు గాలిగోపురం కట్టించాడు. డబ్బు ఎలా వచ్చిందో ఊరందరికీ తెలుసు. పాలరాతి మీద పేరు చెక్కారు. ఆ రోజు ప్రసాదం నేనూ తిన్నాను. కాబట్టి బెనీతోని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. గుడి ఏదైనా ఈ ప్రశ్న ఒకటే.


నిర్వాహకులు
సోమవారం, రాత్రి 10:10

చర్చ బాగా నడుస్తోంది. సెమినరీ అనుభవం రాసిన సభ్యుడి వివరాలు అడుగుతూ ఇద్దరు సందేశాలు పంపారట. దయచేసి ఆపండి.


హ్యూస్టన్_వాకిలి
మంగళవారం, ఉదయం 8:00

గర్భం సంగతి వచ్చింది కాబట్టి. సినిమా వచ్చేనాటికి మెక్సికోలో ఇది చాలావరకు నేరం. మెక్సికో సిటీలో 2007లో పన్నెండు వారాల లోపు అనుమతించారు, 2021లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని నేరంగా చూడటం తప్పని తీర్పు ఇచ్చింది. అమేలియా లాంటి పల్లెటూరి పిల్లకు ఆ రోజుల్లో మిగిలింది ఆ చీకటి గది ఒక్కటే. పక్కింటి పెద్దావిడకు ఆ సీనులో ఏడుపు ఆగలేదట. వాళ్ళ ఊళ్ళో ఎవరో ఉన్నారట అలా. పేరు చెప్పలేదు.


లూర్దుతోట
మంగళవారం, రాత్రి 7:45

మీ మాటలన్నీ చదివాక నిన్న కూర్చుని చూశాను. తట్టుకోలేకపోయింది అమారోని కాదు, ఊరిని. రూబెన్ వల్లే గర్భం వచ్చిందనీ, ఫాదర్ గారు ఆ పిల్లను కాపాడబోయారనీ ఆ ఊరి దియోనీసియా అనే ఆవిడ కథ పుట్టిస్తుంది, ఊరు నమ్మేస్తుంది. అంత్యక్రియల పూజ అమారోనే చేస్తాడు! చక్రాల కుర్చీలో ఉన్న బెనీతో ఆ పూజలో ఉండలేక బయటికి వెళ్ళిపోతాడు. పాపాత్ముడైన ముసలాయనకు ఆ మాత్రం సిగ్గు ఉంది. నా సైకిల్ ఫాదర్ గారు ఆ గుళ్ళో ఉంటే ఏం చేసేవారో అని రాత్రంతా ఆలోచించాను. ఆయన వెళ్ళిపోయేవారు కాదు, లేచి నిజం చెప్పేసేవారు అనిపించింది.


వదిలేసిన_అంగీ
మంగళవారం, రాత్రి 11:15

చెప్పేసేవారే. అలాంటివాళ్ళు ఒకరిద్దరు నాకూ తెలుసు. వాళ్ళకు పెద్ద విచారణ గుళ్ళు ఎప్పుడూ రావు.


గుణదల_గంట
బుధవారం, రాత్రి 10:30

ఈ రోజు మా నాన్నతో కలిసి చూశాను. ఆయన నలభై ఏళ్ళు ఉపదేశిగా (మతబోధ చేసే పని) చేశారు. చూపించాలా వద్దా అని నాకు చాలా టెన్షన్. దియోనీసియా దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పాన్ని) నోట్లో నుంచి తీసుకొచ్చి పిల్లికి పెట్టే చోట టీవీ ఆపెయ్యమన్నారు. ఆపాను. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి, పెట్టు అన్నారు. తర్వాత చివరిదాకా ఒక్క మాట లేదు.

అయిపోయాక అమారో గురించి గానీ బిషప్ గురించి గానీ అడగలేదు. "ఆ పిల్ల తల్లి తర్వాత ఏమైందిరా?" అన్నారు. సినిమాలో చూపించలేదు నాన్నా అన్నాను. జపమాల తీసుకుని వరండాలోకి వెళ్ళారు, ఇంకా లోపలికి రాలేదు.